పైడి చెలమ నీళ్ళు

అనగనగా సముద్రానికి ఆనుకుని ఒక పల్లె. ఆ పల్లెలో పైడి అని ఒక పిల్ల ఉండేది. నీ ఈడుదే, నీలాగే ఒక్కచోట కుదురుగా కూర్చోదు. వాళ్ళయ్య నూకన్న తెల్లారగానే పడవేసుకుని చేపల వేటకి వెళ్ళేవాడు, పొద్దెక్కాక తిరిగొచ్చేవాడు.

ఊరికీ సముద్రానికీ మధ్య పెద్ద ఇసుక దిబ్బ. దాని నిండా మేకడెక్కల్లాంటి ఆకుల తీగ అల్లుకుని, ఊదారంగు పూలు పూసేది. దిబ్బకి ఇవతల ఒక చెలమ. చెలమంటే ఇసుకలో తవ్విన నీళ్ళగుంట. పక్కనే అంత ఉప్పు సముద్రం ఉన్నా, చెలమ నీళ్ళు మాత్రం తియ్యగా ఉండేవి. ఊరంతటికీ అవే నీళ్ళు. అయ్య ఒడ్డుకి రాగానే పైడి చెంబుడు నీళ్ళు పట్టుకెళ్ళి ఇచ్చేది. ఆ చెంబు ఇంకెవర్నీ ముట్టుకోనిచ్చేది కాదు, అంత గారం.

ఒకరోజు గాలి ఎక్కువగా ఉంది. పొద్దు నడినెత్తికొచ్చినా అయ్య రాలేదు. పైడి గుమ్మంలో కూర్చుని ఒకటే ఏడుపు. "ఈ దిబ్బ లేకపోతే అయ్య పడవ మన గుమ్మంలోకే కనపడును గదే అమ్మా!" అంది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ అదే బెంగ. సాయంత్రానికి నూకన్న క్షేమంగా వచ్చాడులే, అయినా వాళ్ళ బెంగ తీరలేదు.

అప్పుడు అందరూ గంపలు పట్టుకుని దిబ్బ మీద పడ్డారు. తీగ పీకేశారు. ఇసుక ఎత్తి దూరంగా పోశారు. నెల తిరక్కుండా దిబ్బ చదునైపోయింది. గుమ్మంలోంచే సముద్రం, దాని మీద పడవలు! పైడి చప్పట్లు కొట్టింది.

ఆ తర్వాత ఏమైంది? ముందు గాలొచ్చింది. ఇసుక ఎగిరొచ్చి అన్నం కుండలో పడింది. సర్లే, మూత పెట్టుకుందాం అనుకున్నారు. అప్పుడు పున్నమి పోటొచ్చింది. అల సందులోకొచ్చి కోళ్ళ గంప ఎత్తుకుపోయింది. సర్లే, గంప పెరట్లో పెట్టుకుందాం అనుకున్నారు. మనుషులు అంత మొండివాళ్ళు, తల్లీ. మూడోది మాత్రం చప్పుడు చెయ్యకుండా వచ్చింది.

ఆ రోజు పైడి చెంబు ఇస్తే, నూకన్న ఒక గుక్క తాగి ఆగాడు. కూతురి మొహం చూశాడు. చుక్క మిగల్చకుండా మొత్తం తాగేసి, "బాగున్నాయమ్మా" అన్నాడు. పైడి మురిసిపోయి చెలమకెళ్ళి, తనూ ఒక దోసెడు తాగింది. థూ! ఉప్పు కషాయం! 'అయ్యకి ఇవా పోశాను?' అని ఆ పిల్ల అక్కడే కూలబడి ఏడ్చింది.

అప్పుడు బడిలో వరహాలు మాస్టారు పిల్లల్ని ఒడ్డుకి తీసుకెళ్ళారు. "వాననీళ్ళన్నీ దిబ్బ తాగి కడుపులో దాచుకునేదర్రా. ఆ నీళ్ళ బరువుకే ఉప్పునీళ్ళు ఇటు రాలేకపోయేవి. ఇప్పుడు అడ్డేదీ? ఇసుక కిందనుంచి వచ్చేశాయి" అన్నారు.

"అయితే దిబ్బని మళ్ళీ చేద్దాం మాస్టారూ" అంది పైడి.

పిల్లలంతా ఇసుక పోగేశారు, గాలి ఎత్తుకుపోయింది. తాటాకుల దడి కట్టారు, ఇసుక ఆగింది గానీ పోటుకి సగం కొట్టుకుపోయింది. ఆ తర్వాత తొలకరికి, పక్క ఊరి దిబ్బ మీంచి ఆ తీగ ముక్కలు తెచ్చి దడి వెనకాల నాటారు. ఈసారి పెద్దవాళ్ళూ వచ్చారు, కాస్త సిగ్గుపడుతూ. తీగ పాకింది. వేళ్ళతో ఇసుకని పట్టుకుంది. పిడికెడు ఇసుక వస్తే పిడికెడే పట్టుకుంది. అలా కొంచెం కొంచెంగా దిబ్బ మళ్ళీ లేచింది.

రెండు వానాకాలాలు గడిచాయి. అన్నాళ్ళూ ఊరంతా క్రోసు దూరం నుంచి బిందెలు మోసుకున్నారు. పైడి రోజూ చెలమలో వేలు ముంచి నాలిక్కి రాసుకునేది. ఉప్పు. మళ్ళీ ఉప్పు. ఇంకా ఉప్పే.

ఒకనాటి పొద్దున వేలు నాకి, మళ్ళీ ముంచి నాకింది. చెంబు నింపుకుని ఒకటే పరుగు! అయ్య పడవ ఇంకా ఒడ్డెక్కనేలేదు, మోకాల్లోతు నీళ్ళలోకి వెళ్ళిపోయింది.

నూకన్న సగం చెంబు తాగాడు. మిగతా సగం కూతురి నోటికి అందించి, "నువ్వూ తాగమ్మా" అన్నాడు.

అలేమో కడలికి,
ఇసకేమో దిబ్బకి,
కథేమో కంచికి,
మా తల్లేమో నిద్దరకి.