నూకాలు వీపు మీద పోలమ్మత్త

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో ఇళ్ళు లేవు, వీధులు లేవు. సముద్రం అడుగున ఇసక, ఇసకలో గడ్డి, అంతే.

అక్కడ నూకాలని ఒక గుల్లపిల్ల ఉండేది. విసనకర్ర విప్పినట్టుండే రెండు చిప్పలు, వాటి అంచున వరసగా నలభై నీలం కళ్ళు. తల మాత్రం లేదు. అన్ని కళ్ళకీ కాటుక ఎవరు పెడతారంటావా? ఎవరూ పెట్టరు, నీళ్ళల్లో నిలవదు.

పక్కనే పోలమ్మత్త అనే ఆల్చిప్ప. ఆవిడకి ఒక్క కన్నూ లేదు. ఒంట్లోంచి దారాలు తీసి రాయికి కట్టుకుని కూర్చునేది. కట్టుకున్న చోటు వదలకపోవడమే ఆల్చిప్పల మర్యాద. నూకాలేమో టపటపా చిప్పలు కొట్టి, ఆ నీటి తోపుకి ఎగిరి ఇంకోచోట వాలేది. నిలకడ లేని పిల్లని అత్త రోజూ తిట్టేది.

ఒకరోజు పెద్ద అల వచ్చి అత్త దారాలు తెంపేసింది. అప్పుడు ఆవిడ తడుముకుంటూ వెళ్ళింది. గట్టిగా ఏదో తగిలింది. రాయి దొరికిందనుకుని మూడు దారాలు కట్టేసింది.

అది రాయి కాదు, నా వీపు అని నూకాలు మొత్తుకుంది.

"నీకంటే ఎక్కువ రాళ్ళు చూశానే నేను" అంది కళ్ళు లేని పోలమ్మత్త.

ఆ తర్వాత అప్పలసామి వచ్చాడు. అప్పలసామంటే నక్షత్రచేప. ఐదు చేతులతో చిప్పని వాటేసుకుని లాగుతాడు. వెంట్రుకవాసి సందు చిక్కితే చాలు, తన పొట్టని బయటికి తీసి లోపలికి పంపిస్తాడు. భోజనానికి పొట్ట వెళ్తుంది, ఆయన బయట కూర్చుంటాడు.

నూకాలు నలభై కళ్ళతోనూ చూసింది. దారాలు వదలమని అత్తని బతిమాలింది. కట్టింది విప్పే వంశం కాదంది అత్త.

నూకాలు ఒకసారి చిప్పలు కొట్టింది. ఇసక లేచింది, తను లేవలేదు. రెండోసారి కొట్టింది. బెత్తెడు లేచి, అత్త బరువుకి దబ్బున పడింది. అప్పుడు అప్పలసామి చెయ్యి అత్త ఒంటికి తగిలింది. 

అత్త మొదటిసారి సన్నగా అంది, "గట్టిగా కొట్టవే నా తల్లీ."

మూడోసారి కొట్టింది నూకాలు. ఎగిరింది. నీళ్ళని కొరుక్కుంటూ పోతున్నట్టు, వీపు మీద అత్తతో సహా ఎగిరి గడ్డిలో వాలింది. అప్పలసామి చేతుల్లో గుప్పెడు ఇసక మిగిలింది.

అక్కడి ఆల్చిప్పలు చుట్టూ చేరి, మర్యాద తప్పి ఊరెందుకు మారావమ్మా అని అత్తని నిలదీశాయి.

పోలమ్మత్త నూకాలు వీపు మీద సర్దుకుని కూర్చుంది. "ఈ పిల్ల ఒక్కత్తీ భయపడుతుందని, నేనే దగ్గరుండి తీసుకొచ్చాను."

నూకాలు అలిసిపోయి చిప్పలు మూసుకుంది.

కథ వెళ్ళె కంచికి,
నిద్ర వచ్చె కంటికి.