పైడమ్మ గుచ్చిన తీగ

అనగనగనగా, మబ్బులు గుమ్మం దాకా వచ్చే ఒక కొండ ఊళ్ళో చిన్న ఆసుపత్రి ఉండేదిరా బుజ్జీ. అందులో పైడమ్మ అనే ఆయా ఉండేది. తుడిచేదీ ఆమే, కడిగేదీ ఆమే, ఏడ్చే పిల్లల్ని ఎత్తుకునేదీ ఆమే.

అక్కడ రోగుల గదిలో ఒక కంప్యూటరు, మందుల గదిలో ఒక కంప్యూటరు ఉండేవి. లోపలి గదిలో సర్వరు. అందరి చీటీలూ దాచిపెట్టే పెద్ద కంప్యూటరన్నమాట. వీటన్నిటి తీగలూ వచ్చి రోగుల గది గోడకున్న స్విచ్చి పెట్టెలో కలిసేవి. లైటు వేసే స్విచ్చి కాదులే! ఎవరికి చెప్పిన మాట వాళ్ళకే అందించే పెట్టె. పట్నం పోవలసిన మాటయితే రూటరుకి ఇచ్చేది. ఊరు దాటే దారి రూటరుకే తెలుసు మరి.

దసరా వచ్చింది. పైడమ్మ అన్నీ ఆపించి, దుమ్ము దులిపి, ప్రతిదానికీ బొట్టు పెట్టింది. అప్పుడు స్విచ్చి పెట్టెలోంచి ఒక తీగ కొస వేలాడుతూ కనిపించింది. ఇంకో కంప్యూటరు వస్తే కావాలని ఉంచిన తీగ అది. పండగపూట ఇదొక్కటే ఇలా ఉండిపోవడమేమిటని ఆమెకి మనసొప్పలేదు. ఆ కొసని కూడా అదే పెట్టెలో ఖాళీ కన్నం చూసి గుచ్చేసింది. ఎంత మంచి మనసో, అంత తెలివితక్కువ పని!

మర్నాడు పొద్దున్నే అన్నీ మళ్ళీ వేశారో లేదో, గంగులు తాతని డోలీలో మోసుకొచ్చారు. గుండెల్లో నొప్పి. గుండె కొట్టుకునే తీరు గీసిన పటం పట్నం డాక్టరమ్మకి పంపాలి. ఆవిడ చూసి చెబితేగాని మందు వెయ్యడానికి లేదు. ఆ కొండ మీద ఫోన్లా, పలకవు. దమయంతి నర్సమ్మ పటం పంపింది. వెళ్ళలేదు. మళ్ళీ పంపింది. మూడోసారీ పంపింది. ఊహూఁ.

ఆ తర్వాత నర్సమ్మ కంప్యూటరు చూసింది, బాగుంది. సర్వరు చూసింది, బాగుంది. రూటరు చూసింది, అదీ బాగుంది. తాత చెయ్యి పట్టుకు కూర్చున్న పైడమ్మ అప్పుడు తలెత్తి గోడకేసి చూసింది. రోజూ ఒకటొకటిగా మినుకుమనే స్విచ్చి పెట్టె దీపాలు అన్నీ ఒక్కసారే పిచ్చెత్తినట్టు కొట్టుకుంటున్నాయి.

నిన్న తను గుచ్చిన తీగ ఆమెకి గుర్తొచ్చింది. చెబితే ఉద్యోగం పోతుందేమో. చెప్పకపోతే తాతే పోతాడేమో!

"పండగపూట ఒట్టిగా ఉండిపోనాదని ఆ తీగ నానే గుచ్చీసినానమ్మా!" అని ఏడ్చేసింది.

నర్సమ్మ చటుక్కున ఆ కొస లాగేసింది. మరేం లేదురా, ఒక కొసలోంచి వెళ్ళిన మాట రెండో కొసలోంచి మళ్ళీ ఆ పెట్టెలోకే వచ్చి, తిరిగిందే తిరుగుతోంది. ఇంక తాత పటానికి దారేదీ?

దీపాలు నెమ్మదించాయి. పటం వెళ్ళింది. డాక్టరమ్మ మందు చెప్పింది. సాయంత్రానికి తాత గంజి అడిగాడు.

"నువ్వు దాచకుండా చెప్పబట్టి బతికాడు పైడమ్మా" అంది నర్సమ్మ. పైడమ్మ మళ్ళీ ఏడ్చింది, ఈసారి సంతోషానికి.

మరుసటేడు దసరాకి కూడా పైడమ్మ అన్నిటికీ బొట్టు పెట్టింది. వేలాడే తీగకీ పెట్టింది. కాసేపు దాన్నే చూసి, అలాగే వదిలేసింది.

పటమేమో పట్నానికి, తాతేమో ఇంటికి,
కథేమో కంచికి, కునుకేమో కంటికి!