నాంచారమ్మ పీఠిక

మల్లెకొండ అనే చిన్న రాజ్యాన్ని రుద్రభూపతి ఏలుతుండేవాడు. మనసు వెన్న, కోపం నిప్పు. బిరుదులంటే మహా మోజు. ఆయన కొలువులో లేఖలు చదివి వినిపించే ఉద్యోగి సింగరయ్య. రాజును చిన్ననాటి నుంచీ ఎరిగినవాడు, ఆయనంటే ప్రాణం పెట్టేవాడు.

ఒకనాడు కొలువుకు పొరుగుదేశపు పండితుడొకడు వచ్చాడు. "ఈ ఏడు వానలు పడతాయా?" అని రాజు అడిగాడు. పండితుడు సృష్టి మొదలైన నాటి నుంచి ఎత్తుకుని, మేఘాల పుట్టుక దాకా వచ్చేసరికి మిట్టమధ్యాహ్నం దాటింది. అంతఃపురంలో వడ్డించిన అన్నం చల్లారిపోయింది.

రాజుకు ఒళ్లు మండింది. "ఇకమీదట మా కొలువులో ముందుమాట అన్నది వినపడకూడదు. అసలు విషయం ఒక్కటే చెప్పాలి. మీరినవాడికి దేశబహిష్కారం!" అన్నాడు.

ఆ మరునాడే కోనేరయ్య అనే ముసలి కవి వచ్చాడు. పశువుల రోగాలకు మందులు చెప్పే పద్యాలు పదకొండేళ్లు కష్టపడి రాశాడు. తాటాకుల కట్ట రాజు ముందు పెట్టి, "ముందుగా పీఠిక చదువుతాను ప్రభూ," అన్నాడు.

"పీఠికా? ఆ ఆకులు తీసి పారేసి, తక్కినది చదవండి."

కోనేరయ్య తల అడ్డంగా ఊపాడు. "అవి తీసేస్తే ఈ పుస్తకం నాది కాదు ప్రభూ. దొంగసొత్తు అవుతుంది. దేశం విడిచి పొమ్మంటే పోతాను," అని కట్టను గుండెకు హత్తుకున్నాడు.

రాజు ముఖం జేవురించడం చూసి సింగరయ్య లేచాడు. "ప్రభూ, పెద్దాయన దూరం నుంచి నడిచి వచ్చాడు. రేపటిదాకా గడువు ఇప్పించండి." రాజు సరేనన్నాడు.

మర్నాడు పొద్దున సింగరయ్య వందిమాగధుల దగ్గరికి వెళ్లి, "ఇవాళ మీకు సెలవు. రాజుగారి రాకను నేను చాటుతాను. ఏమైనా జరిగితే తప్పు నాది," అన్నాడు.

కొలువు నిండింది. రుద్రభూపతి గుమ్మం దగ్గరికి వచ్చి, అలవాటు ప్రకారం గడ్డం ఎత్తి, బిరుదుల కోసం ఆగాడు.

"వచ్చారు," అన్నాడు సింగరయ్య.

ఎవరు వచ్చారో ఎవరికీ అర్థం కాలేదు. సగంమంది కబుర్లలోనే ఉన్నారు. ఒక సామంతుడు తాంబూలం నములుతూ అటు తిరిగి కూడా చూడలేదు. రాజు ఎర్రబడ్డ ముఖంతో విసవిసా నడిచి సింహాసనం ఎక్కాడు.

"కూర్చున్నారు," అన్నాడు సింగరయ్య.

"సింగరయ్యా! నా బిరుదులు ఏవి? అరిరాజ గజకేసరి ఏది? శరణాగత వజ్రపంజర ఏది?"

"అవన్నీ ముందుమాటలు ప్రభూ. అసలు విషయం తమరు రావడం, కూర్చోవడం. ఆ రెండూ చెప్పాను."

"అవి నేను సంపాదించుకున్నవయ్యా!"

"కాదని ఎవరంటారు? కానీ అవి వినపడనందుకే వచ్చింది ఎవరో సభకు తెలియలేదు. పుస్తకమూ అంతే ప్రభూ. అది ఎక్కడి నుంచి వచ్చిందో, దాన్ని ఎలా అందుకోవాలో చెప్పడానికే పీఠిక."

"మరి ఆ పండితుడు మధ్యాహ్నందాకా చెప్పిందో?"

"అది పీఠిక కాదు ప్రభూ. పీఠం ఎక్కి దిగకపోవడం."

రాజు ఒక్క క్షణం గుడ్లురిమాడు. ఆ పైన పొట్ట పట్టుకుని నవ్వాడు. కొలువంతా నవ్వింది. తన చేతి కంకణం తీసి సింగరయ్య చేతికి తొడిగి, "నా కళ్లు తెరిపించావు. ఆ ఆజ్ఞ రద్దు. కవిగారూ, మీ పీఠిక చదవండి," అన్నాడు.

కోనేరయ్య గొంతు సవరించుకున్నాడు.

"ఇందులోని మందులన్నీ నా భార్య నాంచారమ్మవి. ఆమెకు అక్షరాలు రావు. ఆమె నూరి పశువులకు పట్టింది, నేను చూసి రాశాను. పద్యం కుదరడం కోసం ఎక్కడైనా మోతాదు తప్పితే ఆ తప్పు నాది. చూడి ఆవుకు ఏ మందైనా సగమే పట్టమని ఆమె మరీమరీ చెప్పింది."

అంతే. పీఠిక అయిపోయింది.

"ఆమెను వెంట తీసుకురాలేదేం?" అన్నాడు రాజు మెల్లగా.

"పోయిన కార్తీకంలో కాలం చేసింది ప్రభూ."

రుద్రభూపతి సింహాసనం దిగి వచ్చి, తన శాలువా ముసలాయన భుజాల మీద కప్పాడు. పుస్తకానికి నూరు ప్రతులు రాయించమనీ, ఒక్కదానిలోనూ ఆ పీఠిక తప్పిపోకూడదనీ లేఖకులకు చెప్పాడు.

ఆ ప్రతులు పశువులున్న ప్రతి ఊరికీ చేరాయి. పద్యాలు చాలామందికి నోటికి రాలేదు గానీ, ఆవు ఈనే రోజులు దగ్గరపడితే మాత్రం పల్లెల్లో ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకునేవారు: "సగమే పట్టండమ్మా, నాంచారమ్మ చెప్పింది."