గాలితో అష్టాచెమ్మా

పోలినాయుడి ఇంట్లో ముగ్గురు: తను, పెళ్ళాం నూకాలమ్మ, బావమరిది గవరయ్య. ముగ్గురూ మహా తెలివైనవాళ్ళు. ఆ మాట ఊళ్ళో ఇంకెవరూ అనరు గనక, వాళ్ళే రోజూ ఒకళ్ళకొకళ్ళు చెప్పుకునేవాళ్ళు.

ఆ ఏడు ముసురు పట్టి పడమటి గోడ అడుగు నుంచి నడుము దాకా నానింది. తాత కట్టిన గోడాయె! పోలినాయుడికి బెంగ పట్టుకుంది. సన్యాసి మేస్త్రీని పిలిచాడు. మేస్త్రీ గోడ తట్టి చూసి, "చెమ్మ ఉంది నాయుడుగారూ. పాత సున్నపు గోడ కదా, ఇంట్లో గాలి ఆడాలి. ఆడకపోతే ఈ వానలకి కూలుతుంది," అని చెప్పి వెళ్ళాడు.

"గాలి ఏం ఆడాలి బావా?" అన్నాడు గవరయ్య.

పోలినాయుడు గడ్డం గోక్కున్నాడు. "చెమ్మ ఉందన్నాడుగా! అష్టాచెమ్మా ఆడాలి."

అంతే! నూకాలమ్మ నట్టింట్లో సుద్దముక్కతో గళ్ళు గీసింది. గవ్వలు పెట్టి కిటికీలు బార్లా తీశారు. గాలి కిటికీలోంచి వచ్చింది, చూరు సందులోంచి పోయింది. గవ్వ ముట్టుకోలేదు.

"పందెం వెయ్యకుండానే పారిపోతోందే!" అని గవరయ్యకి ఒళ్ళు మండింది.

ఇంకేముంది! కిటికీలు మూసి, చూరు సందులు, తలుపు పగుళ్ళు, పిల్లి దూరే కన్నం, అన్నిట్లోనూ పాతబట్టలు కుక్కి పైన పేడ మెత్తారు. లోపల పొయ్యిమీద వడ్లు ఉడుకుతున్నాయి. పొగ, ఆవిరి కమ్ముకున్నాయి. గోడలమీద నీళ్ళు ధారకట్టాయి.

"గోడకి చెమట పడుతోంది! అదీ దిగింది ఆటలోకి!" అని నూకాలమ్మ దగ్గుతూ చప్పట్లు కొట్టింది.

పోలినాయుడికి కళ్ళు తిరుగుతున్నాయి. "ఎవరు గెలిచారో చూసి పడిపోతానే," అన్నాడు.

ఆ దగ్గులు విని దారినపోయే మేస్త్రీ పరిగెత్తుకొచ్చాడు. "తలుపు తియ్యండి! ముందు తలుపు తియ్యండి!"

ముగ్గురూ కలిసి బందులు ఊడబెరికి, తలుపు తీసి, మేస్త్రీ చేతుల్లో పెట్టారు.

తలుపు మోస్తూనే మేస్త్రీ గోడ వంక చూశాడు. "అయ్యో, ఇంకా తడిపేశారే! వాన తెరిపిచ్చింది, ఇకనైనా గోడ ఎండబెట్టండి మహాప్రభో!" అని మొత్తుకుని, తలుపు అక్కడ పడేసి పోయాడు.

పోలినాయుడు ఆకాశం చూశాడు. ఎండ ఫెళ్ళున కాస్తోంది. "ఇంట్లో ఉంటే ఎలా ఎండుతుందిరా? బయటికి తేవాలి," అన్నాడు.

అంతే! గునపాలు లేచాయి. మధ్యాహ్నానికల్లా పడమటి గోడ ఇటుక ఇటుకగా ఊడి, వాకిట్లో చాపలమీద మిరపకాయల్లా పరుచుకుంది. నూకాలమ్మ కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతూ కూర్చుంది.

సాయంత్రం మబ్బేసింది. టపటపా చినుకులు మొదలయ్యాయి.

"గోడ తడిసిపోతోంది బావోయ్!" అని గవరయ్య గుండెలు బాదుకున్నాడు.

పోలినాయుడు ఒక్క ఉదుటున ఇల్లెక్కాడు. కప్పుమీది తాటాకు మొత్తం పీకి కిందికి విసిరాడు. కిందవాళ్ళిద్దరూ ఇటుకలమీద ఒక్క చుక్క పడకుండా కప్పేశారు. తర్వాత ముగ్గురూ ఇంట్లోకి వెళ్ళి, జోరువానలో నిలువునా తడుస్తూ నిలబడ్డారు.

"ఇప్పుడు కురవమను, చూద్దాం!" అన్నాడు పోలినాయుడు, మీసం పిండుకుంటూ.