తడిసిన చెత్త, తడి చెత్త

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున జంతువుల చిన్న పేట. ఆ పేటలో పొయ్యి కోసం చెట్లు కొట్టడం ఎప్పుడో మానేశారర్రా! గుంట తవ్వి, పేడా తడి చెత్తా అందులో వేసి, వచ్చే గ్యాసుతో వండుకునేవారు. అందరికీ ఒకటే పొయ్యి.

వానాకాలంలో బొచ్చయ్య అనే ఎలుగుబంటి ఆ పేటకు కొత్తగా వచ్చాడు.

"తడి చెత్త గుంటలో వెయ్యి నాయనా. పొడి చెత్త బుట్టలో వెయ్యి, మళ్లీ వాడుకుంటాం" అంది గేదె పెద్దమ్మ.

తడి చెత్త అంటే ఏమిటో బొచ్చయ్యకు తెలియదు. అడిగితే నవ్వుతారేమోనని సిగ్గు. "ఓస్, ఇంతేనా!" అని తలూపేశాడు.

మొదటి రోజు వానకు తడిసిన ప్లాస్టిక్ కవర్లు కనబడ్డాయి. "తడిగా ఉన్నాయి కదా!" అని గుంటలో వేశాడు. మర్నాడు తడిసిన పాల ప్యాకెట్లు వేశాడు. ఆ మర్నాడు నీళ్లోడుతున్న చెప్పు! ఎండిన అరటి తొక్కల్ని మాత్రం బుట్టలో భద్రంగా పెట్టాడు. నవ్వకండర్రా, పాపం ఎంత శ్రద్ధగా చేశాడో!

పొయ్యి మంట సన్నగిల్లింది. ఓ పొద్దున ఆరిపోయింది.

వరాలు అనే బాతు గొల్లుమంది. పాపం, దానికి జ్వరం. పొదగలేక గుడ్ల గంపను ఆ పొయ్యి పక్కనే పెట్టుకుంది. "అయ్యో, నా గుడ్లు చల్లబడిపోతున్నాయే!" అని ఏడ్చింది.

పెద్దమ్మ గుంటలోకి చెత్త జారే గొట్టంలో కర్ర పెట్టి లాగింది. కవర్లు, ప్యాకెట్లు, చివరికి చెప్పు! "ఎవరు చేశారీ పని?" అంది.

బొచ్చయ్య ఆ చెప్పును గుర్తుపట్టాడు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. కానీ వరాలు ఏడుపు వినలేకపోయాడు.

"నేనే పెద్దమ్మా. తడిసిందంతా తడి చెత్తే అనుకున్నాను. అడగడానికి సిగ్గేసింది" అన్నాడు. గంపను ఒళ్లోకి తీసుకుని తన బొచ్చులో పొదువుకున్నాడు. "వరాలమ్మా, మంట వచ్చేదాకా నేనే నీ పొయ్యిని."

ఎవరూ నవ్వలేదు. "కుళ్లిపోయే తొక్కలూ మెతుకులూ తడి చెత్త నాయనా. ఆ ముక్క నేనైనా విడమరిచి చెప్పాల్సింది" అంది పెద్దమ్మ.

అందరూ కలిసి గుంట బాగుచేశారు. బొచ్చయ్య మాత్రం గంప వదల్లేదు. పొయ్యి మళ్లీ వెలిగిన రోజే ఒళ్లో "కీచ్" మంది. తడితడిగా ఓ బాతుపిల్ల తల బయటపెట్టింది.

బొచ్చయ్య కంగారుపడ్డాడు. "పెద్దమ్మా, ఇది తడిగా ఉంది! ఏం చెయ్యను?" అని అరిచాడు.

పేటంతా పగలబడి నవ్వింది. ఈసారి బొచ్చయ్యకు సిగ్గెయ్యలేదు. వాళ్లతో పాటు తనూ నవ్వేశాడు.

నీతి: తెలియనిది అడగడానికి సిగ్గుపడకూడదు, ఒక్కరి సిగ్గు అందరి పొయ్యినీ ఆర్పేస్తుంది.