సంచి అడుగున అరచెయ్యి

ఆ చలికాలమంతా తనూజ చేతికి ఒక్క పిట్టయినా దక్కలేదు.

నవంబరు నుంచి ఒక్క ఆదివారం తప్పకుండా తొలి బస్సెక్కి చిట్టేరు మడుగుకి వస్తోంది. ఊరివాళ్ళంతా చేయీచేయీ కలిపి కాపాడుకుంటున్న మడుగది. వలస వచ్చిన పిట్టల్ని అక్కడ సన్నటి వలల్లో పట్టి, కాలికి నంబరున్న చిన్న కడియం వేసి వదిలేస్తారు. రేపెప్పుడో ఏ దేశంలోనో అది మళ్ళీ చిక్కితే, ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా ఎగిరిందో ఆ నంబరే చెబుతుంది.

జీతం లేని కొలువు. నేర్పేది దావూద్ సాయిబు. వయసులో ఉన్నప్పుడు ఇదే మడుగులో పిట్టల్ని పట్టి సంతలో అమ్మినవాడు. ఆ సంగతి ఆయన దాచడు, ఎవరైనా అడిగితే తప్ప చెప్పడు.

తనూజ న్యాయశాస్త్రం చదువుతోంది. కాలేజీ డిబేట్లలో ఆమె లేచి నిలబడిందంటే అవతలివాళ్ళు మంచినీళ్ళు తాగేవాళ్ళు. కడియాలు వేసే పద్ధతుల పుస్తకం వారంలో కంఠతా పట్టేసింది. అయినా సాయిబు ఆమెకి ఇచ్చింది పెన్సిలు. రోశమ్మ మాత్రం, చేపలమ్ముకునే మనిషి, సంక్రాంతి వెళ్ళాక వచ్చి చేరింది, అప్పుడే పంతొమ్మిది పిట్టలకి కడియాలు వేసేసింది. అవన్నీ పుస్తకంలో రాసింది తనూజే.

మార్చి మొదటి ఆదివారం వచ్చింది. ఆఖరి రోజు. ఇవాళ మడిచిన వలలు మళ్ళీ విప్పేది వచ్చే చలికాలానికే.

రెండు గుంజల మధ్య కట్టిన తాడుకి గుడ్డ సంచులు వేలాడుతున్నాయి. ఒక్కో సంచిలో ఒక్కో పిట్ట, తన వంతు కోసం. తనూజ పుస్తకం మూసింది.

"సాయిబు గారూ, ఒక్క ప్రశ్న."

"ఒక్కటేనా?" రోశమ్మ కిసుక్కున నవ్వింది.

"నాకు పిట్టనెందుకు ఇవ్వరు? ఏం రాదు నాకు? ఏ పిట్టకి ఏ సైజు కడియమో అడగండి. మెడ ఏ వేళ్ళ మధ్య ఉండాలో అడగండి. నోరు తెరిచి రొప్పుతుంటే కడియం వెయ్యకుండా ఆ క్షణమే వదిలెయ్యాలి. ఏడో నియమం! రోశమ్మత్తకి ఇందులో ఒక్కటైనా తెలుసా?"

"తెలీదు పాపా," అంది రోశమ్మ, చేతిలో పిట్ట మీంచి చూపు తిప్పకుండా. "నాకు చేపలే తెలుసు."

"విన్నారా? ఇదేం న్యాయం?" తనూజ చేతికందిన సంచి తాడు మీంచి లాగింది. "ఇందులో ఉన్నది నీలిగొంతు పిట్ట. వల్లోంచి తీస్తుంటే చూశాను. దీని బరువు, దీని దారి, ఇది గుడ్లు పెట్టే దేశం, అన్నీ చెప్తాను!"

ఒక్కో మాటకీ సంచితో పాటు ఆ చెయ్యి గాల్లోకి లేచి దిగింది. వేదిక మీద కాగితాలు పట్టుకుని అలాగే ఆడించేది. పట్టుకున్నది కాగితాలు కావని ఆమెకి గుర్తే లేదు.

సాయిబు అడుగు ముందుకేసి, ఆమె రెండో చేతిని తెచ్చి సంచి అడుగున పెట్టాడు. అంతే.

"మీరు నాకు జవాబు చెప్పాలి. నాలుగు నెలలుగా..."

అరచేతిలో ఏదో కొట్టుకుంటోంది. దెబ్బకీ దెబ్బకీ ఎడం లేదు. కుట్టుమిషను సూదిలా.

"నాలుగు నెలలుగా నేను..."

గొంతు పెరిగింది. అరచేతిలో ఆ కొట్టుకోవడమూ పెరిగింది.

మాట ఆగిపోయింది.

సాయిబు జేబులోంచి కడియం బిగించే పట్కారు తీసి ఆమె ముందు పెట్టాడు.

"నువ్వే గెలిచావమ్మా," అన్నాడు. వెటకారం లేదు అందులో. "వెయ్యి."

తనూజ సంచి మూతి వదులు చేసి, పుస్తకంలో ఉన్నట్టే మెడ రెండు వేళ్ళ మధ్యకి వచ్చేలా పిట్టని బయటికి తీసింది. గుప్పెడు కూడా లేదు. గొంతు మీద ఆ నీలం. నోరు తెరుచుకుని ఉంది. రొప్పుతోంది.

పట్కారు ఆమెకి జానెడు దూరంలో ఉంది. ఏడో నియమం ఎవరూ గుర్తు చెయ్యలేదు.

ఆమె మడుగు ఒడ్డున జమ్ము గడ్డి వైపు వంగి, నేలకి దగ్గరగా చెయ్యి విప్పింది. పిట్ట ఒక్క క్షణం అరచేతిలోనే కూర్చుంది, తర్వాత జమ్ములోకి దూరిపోయింది.

"నంబరెంత పాపా? రాసుకోవా?" రోశమ్మ అడిగింది.

తనూజ పుస్తకం తెరిచి, నీలిగొంతు పిట్ట అని రాసి, నంబరు గడిలో చిన్న గీత గీసింది.

రోశమ్మ మిగతావి పూర్తి చేసేసరికి తాడు మీద ఒక్క సంచి మిగిలింది. అదే ఆఖరుది. సాయిబు దాన్నీ చూడలేదు, ఆమెనీ చూడలేదు. వలల గుంజలు పీకడానికి వెళ్ళబోతూ, "ఎండెక్కుతోంది," అన్నాడు.

తనూజ పెన్సిలు కింద వదిలేసి, రెండు చేతులా ఆ సంచి దింపింది. అడుగున అరచెయ్యి ఆనించి నీడలోకి జరిగింది.

వెళ్ళబోయిన సాయిబు ఆగాడు. వెనక్కి వచ్చి, పెట్టినచోటే ఉన్న పట్కారు తీసి అందించాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడే కాదు. అరచెయ్యి వింటూ నిలబడింది.

రోశమ్మ ఖాళీ సంచులు మడవడం మొదలెట్టింది.

చాలాసేపటికి అరచేతిలో ఆ కొట్టుకోవడం నిదానించింది. తనూజ రెండో చెయ్యి చాచింది.

సాయిబు పట్కారు అందులో పెట్టాడు. కింద పడున్న పెన్సిలు తను తీసుకున్నాడు.