పాలపళ్ళ పొట్టేలు

ఆదోని సూఫీ గురువు బుర్హాన్ షా హజ్రత్‌ను ఏదైనా అడిగితే నోటితో జవాబు వచ్చేది కాదు. అడిగినవాడికి ఏదో ఒక పని అప్పగించేవారు. ఓపిక అంటే ఏమిటని అడిగిన పాపానికి ఒక పెద్దమనిషి పూటంతా చిక్కుపడ్డ నూలు విప్పుతూ కూర్చున్నాడట. అందుకే పాత శిష్యులు ఆయన్ని ఆచితూచి అడిగేవాళ్ళు. జిలానీ కొత్తవాడు, అతనికి ఆ భయం లేదు.

జిలానీ సంతలో గొర్రెల బేరగాడు. పెదవి ఎత్తి పళ్ళు చూశాడంటే గొర్రె వయసు ఇట్టే చెప్పేసేవాడు. హజ్రత్ దగ్గర చేరాక ఆయన నడక, ఆయన దగ్గు, దువా చేసి దేవుణ్ణి వేడుకునేటప్పుడు ఆయన గొంతు వణికే తీరు, అన్నీ పట్టేశాడు. ఎంత భక్తి అని చూసినవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. లోపల మాత్రం ఏమీ కదిలేది కాదు, పాపం. ఆ సంగతి అతనొక్కడికే తెలుసు. హజ్ యాత్రకు ఇంకా ఓడల్లో వెళ్ళే ఆ రోజుల్లో హజ్రత్ వెంట బయల్దేరినప్పుడు, అక్కడికి పోతేనైనా మనసు కరుగుతుందని గంపెడాశ పెట్టుకున్నాడు. తీరా మక్కా పక్కనున్న అరఫాత్ మైదానంలో వేలమంది ప్రార్థిస్తూ వెక్కి వెక్కి ఏడుస్తుంటే అతని కంట ఒక్క చుక్క రాలేదు. నలుగురూ ఏమనుకుంటారోనని మొహం అరచేతుల్లో దాచుకుని భుజాలు కదిలించాడు. ఇలాంటి హజ్ దేవుడి దగ్గర చెల్లుతుందా అన్న భయం ఆ సాయంత్రం నుంచి అతన్ని పీక్కుతినసాగింది.

మర్నాడు మినాలో ఖుర్బానీ, దేవుడి పేర జంతువును కోసే రోజు. ఆ జంతువు తెగి, తల గొరిగించుకుంటే గాని ఒంటిమీది కుట్టులేని తెల్లగుడ్డలు విప్పకూడదు. జిలానీ ఒక పొట్టేలును కొన్నాడు. కుంటిది కాదు, గుడ్డిది కాదు, చెవి తెగింది కాదు. ఒళ్ళు చేసి నిగనిగలాడుతోంది. వయసు మాత్రం ఆరునెలలకు మించి ఎక్కువ లేదు. షరీయత్ ప్రకారం ఏడాది నిండాలి గాని, గొర్రె విషయంలో ఒక సడలింపు ఉంది. ఆరునెలలు నిండిన పిల్లను ఏడాదివాటి మందలో కలిపి దూరం నుంచి చూసినప్పుడు తేడా తెలియకపోతే అది చెల్లుతుంది. జిలానీ కావాలనే దాన్ని ఏరాడు. తన బెంగ సూటిగా చెప్పుకునే ధైర్యం లేదు కాబట్టి పొట్టేలును అడ్డం పెట్టుకున్నాడు.

“హజ్రత్, లోపల పాలపళ్ళే ఉన్నా దూరానికి ఏడాదిదానిలా కనిపిస్తే చాలంటారు. అంటే పైకి సరిగ్గా కనిపిస్తే సరిపోతుందనేగా?”

హజ్రత్ నవ్వలేదు, కోప్పడలేదు. దాన్ని అమ్మిన అరబ్బు కాపరి దొడ్డి ఎదురుగానే ఉంది. ఆ మందలోకి దీన్ని తోలేసి, వచ్చి గట్టు మీద తన పక్కన నిలబడి చూడమన్నారు. జిలానీ అలాగే చేశాడు. ఎంత చూసినా తనది ఏదో పోల్చుకోలేకపోయాడు. చెల్లుతుంది, పోయి తెచ్చుకో అన్నారు హజ్రత్.

అతను దొడ్డిలో అడుగుపెట్టాడో లేదో, మంద అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. మిట్టమధ్యాహ్నం, నేల మీద నీడన్నది లేదు. గొర్రెలన్నీ తలలు తిప్పి అతన్నే చూస్తున్నాయి. జిలానీ దగ్గరున్నదాని పెదవి ఎత్తాడు. పాలపళ్ళు. ఇదే నాదనుకుని తాడు వేయబోతుంటే పక్కది కూడా అలాగే కనిపించింది. దాని నోట్లోనూ పాలపళ్ళే. కొమ్ములు తిరిగిన ముసలి పొట్టేలు నోరు తెరిచి చూశాడు. అందులోనూ చిన్నచిన్న, తెల్లటి పాలపళ్ళు. పొద్దున బేరం చేసినప్పుడు ఇదే మందను తన చేత్తోనే చూశాడు, అన్నీ ఏడాది దాటి, పాలపళ్ళు రాలి రెండేసి, నాలుగేసి పెద్దపళ్ళు వేసినవే. ఇప్పుడు ఏది పట్టుకున్నా పసినోరే. ఒక్కటీ బెదరడం లేదు, ఒక్కటీ అరవడం లేదు. చూసి చెప్పమన్నట్టు వాటంతట అవే వచ్చి నోరు అప్పగిస్తున్నాయి.

గట్టు వైపు తిరిగి “హజ్రత్!” అని కేకేశాడు. గట్టు మీద తెల్లగుడ్డల్లో ఉన్న ముసలివాళ్ళంతా ఒకేసారి ఇటు తిరిగారు. అదే గడ్డం, అదే వంగిన భుజం, అందరిదీ హజ్రత్ మొహమే. ఒక్కరూ చెయ్యెత్తలేదు. అంతలో చెవి పక్కనే హజ్రత్ దగ్గు వినిపించింది. హమ్మయ్య అనుకుంటూ చుట్టూ చూశాడు. ఎవరూ లేరు. ఆ దగ్గు తన గొంతులోంచే వచ్చింది.

జిలానీ పైప్రాణాలు పైనే పోయాయి. గొర్రెల మధ్య కూలబడ్డాడు. తను ఎవరో, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతాడో అతనికే తెలియలేదు. నాలో ఏమీ లేదు తండ్రీ, నాలో ఏమీ లేదు అంటూ ఏడ్చాడు. ఆ ఏడుపు హజ్రత్ ఏడుపులా లేదు. ముక్కు కారింది, గొంతు బొంగురుపోయింది, సంతలో తప్పిపోయిన పసివాడిలా నోరంతా తెరిచి ఏడ్చాడు. ఎవరు చూస్తున్నారో అతనికి పట్టలేదు.

భుజం మీద చెయ్యి పడింది. తలెత్తితే హజ్రత్, ఒక్కరే. మంద మామూలుగా అరుస్తూ ఒకదాన్నొకటి తోసుకుంటోంది.

“ఇందాకట్నుంచి వెతుకుతున్నాను నాయనా. అందరూ ఒకేలా ఉన్నారు, పోల్చుకోలేకపోయాను. ఇప్పుడు నీ గొంతు వినబడింది.”

కాపరి పొట్టేలుకు తాడు వేసి తెచ్చి జిలానీ చేతికిచ్చాడు. జిలానీ మొహం తుడుచుకున్నాడు. దీన్ని వదిలేసి ఏడాది నిండినదాన్ని కొనమంటారా అని మెల్లగా అడిగాడు.

“ఇది చెల్లుతుందని ఇందాకే చెప్పానుగా,” అన్నారు హజ్రత్. “దూరం నుంచి చూసి సరిపెట్టుకోమన్నది గొర్రెల విషయంలోనే.”